కొత్త బల్బు పెట్టినా లైటు వెలగకపోతే ఎక్కడ వెతకాలి, ఏం చేయాలి

లైటు వెలగకపోతే మనం చేసే మొదటి పని షాపుకెళ్ళి కొత్త బల్బు తేవడం. అది పెట్టినా వెలగకపోతే "డూప్లికేటు సరుకు అంటగట్టాడు" అని తిట్టుకుని ఇంకోటి తేవడం. ఎల్‌ఈడీ బల్బులు మాడిపోవన్నది కాదు. కానీ లోపం చాలాసార్లు బల్బులో ఉండదు, వైరు పట్టు వదిలిన చోట ఉంటుంది. అది హోల్డర్లో కావచ్చు, స్విచ్చు స్క్రూ దగ్గర కావచ్చు, సీలింగులో ఎప్పుడో టేపు చుట్టి వదిలేసిన జాయింటులో కావచ్చు. గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో పాత ఇల్లయితే చెక్క బోర్డు, పింగాణీ ఫ్యూజు, అల్యూమినియం వైరు ఎదురవ్వచ్చు. తాడేపల్లి, పోరంకి వైపు కొత్త ఫ్లాటయితే అంతా గోడలోపల పైపు, పైన ఫాల్స్ సీలింగు. జబ్బు మాత్రం రెండు చోట్లా అదే.

ఇంట్లో ఉంచుకోవాల్సిన సామాను పెద్దగా ఏమీ లేదు. నియాన్ టెస్టరు, పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్లు రెండు, కటింగ్ ప్లయరు, పీవీసీ టేపు, చిన్న కనెక్టర్లు, చెక్క స్టూలు, కాళ్ళకి పొడి రబ్బరు చెప్పులు. వీటికి తోడు ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు ఉంటే సగం అనుమానాలు తీరిపోతాయి. ఇనుప నిచ్చెన వద్దు.

ముందుగా కరెంటు ఆపడం

మెయిన్ ఆపేశాం కదా అని హోల్డర్లో వేలు పెట్టకండి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపిన మరుక్షణం అది "కరెంటు పోయింది" అనుకుని బ్యాటరీ మీద లైట్లకి, ఫ్యాన్లకి 230 వోల్టులు పంపుతుంది. అలాగని ఇన్వర్టరు ముందున్న స్విచ్చు ఒక్కటే ఆపినా చాలదు. చాలా ఇన్వర్టర్లలో ఆ స్విచ్చు ఆపినా, మెయిన్ ఉన్నంతసేపూ కరెంటు లోపలినుంచి నేరుగా లైట్ల లైనుకి వెళ్తూనే ఉంటుంది. కాబట్టి రెండూ ఆపాలి. డాబా మీద బ్యాటరీతో పనిచేసే సోలార్ ఉంటే దాని ఐసొలేటరు (లైను తెంచే స్విచ్చు) కూడా.

పాత ఇళ్ళలో ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) బదులు పింగాణీ ఫ్యూజు ఉంటే క్యారియర్ (తీగ చుట్టిన పింగాణీ ముక్క) ఊడదీసి జేబులో వేసుకోండి. మీరు స్టూలు మీద ఉండగా ఇంట్లో ఇంకెవరో "కరెంటు ఎందుకు పోయిందబ్బా" అని పెట్టేయకుండా ఉంటుంది.

టెస్టరును గుడ్డిగా నమ్మొద్దు. కరెంటు ఆపకముందే, కరెంటున్న ప్లగ్గు పాయింటులో పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి. ఆ తర్వాత ఆపిన చోట చూడాలి. టెస్టరులోని నియాన్ దీపం మీ ఒంటిలోంచి నేలకి పోయే అతి కొద్ది కరెంటుతో వెలుగుతుంది. రబ్బరు చెప్పులతో చెక్క స్టూలు ఎక్కి, పట్టపగలు వెలుతురులో చూస్తే అది వెలిగినా కనపడకపోవచ్చు. అరచేత్తో నీడపట్టి చూడండి.

హోల్డరు: ఎక్కువ కేసులు ఇక్కడే

మొదట బల్బు తీసి, బాగా వెలుగుతున్న ఇంకో గదిలో పెట్టి చూడండి. అక్కడ వెలిగితే బల్బు మంచిదే. ఇక హోల్డరు సంగతి.

మనవాళ్ళు వాడే మామూలు హోల్డరు బీ22, అంటే నొక్కి తిప్పే రకం. లోపల స్ప్రింగు మీద నిలబడ్డ ఇత్తడి పిన్నులు రెండుంటాయి. కరెంటు పూర్తిగా ఆపాక, టార్చి వేసుకుని, వాటిని స్క్రూడ్రైవరు మొనతో ఒక్కొక్కటే నొక్కండి. నొక్కగానే లోపలికి వెళ్ళి, వదలగానే టక్కున పైకి రావాలి. ఒకటి లోపలే ఇరుక్కుపోతే బల్బు అడుగున ఉన్న టంకం చుక్కకి అది అందదు. కొద్దిగా అందీ అందకుండా ఉంటే అక్కడ నిప్పురవ్వ రేగి పిన్ను నల్లబడుతుంది, బల్బు అడుగున టంకం కరిగి గుంట పడుతుంది. మీ బల్బును తలకిందులు చేసి చూడండి. ఆ రెండు చుక్కల్లో ఒకటి నల్లగా, గుంటగా ఉంటే దోషి హోల్డరే. నల్లబడ్డ పిన్నుని గీకి మళ్ళీ వాడొద్దు. స్ప్రింగు వేడికి సత్తువ పోయింది, నెల తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది. హోల్డరు ఖరీదు బల్బు కంటే తక్కువే.

హోల్డరు మార్చే పద్ధతి:

1. మెయిన్, ఇన్వర్టరు రెండూ ఆపి, టెస్టరుతో రెండు పిన్నులూ చూడండి.
2. హోల్డరు మూత మర తిప్పి తీయండి. గోడకి లేదా సీలింగుకి బిగించిన రెండు స్క్రూలు విప్పి దాన్ని ముందుకి లాగండి. వైర్లు ఎలా ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి.
3. వైరు స్క్రూలు వదులుచేసి వైర్లు బయటికి తీయండి. పాత 60, 100 వాట్ల బల్బులు ఏళ్ళతరబడి వెలిగిన చోట వైరు పైతొడుగు వేడికి పెళుసెక్కి, వంచితే పెంకులా రాలుతుంది. అలా రాలిన మేరకు కత్తిరించేసి, బాగున్న వైరు కనపడేదాకా వెళ్ళండి. పొడవు చాలకపోతే కనెక్టరుతో కొత్త ముక్క కలపండి.
4. కొస 8 మిల్లీమీటర్ల మేర మాత్రమే ఒలవండి. పోగులు గట్టిగా మెలిపెట్టి, వైరు సన్నగా ఉంటే వెనక్కి మడిచి రంధ్రంలో పెట్టి స్క్రూ బిగించండి. బిగించాక వైరు పట్టుకుని ఒకసారి లాగి చూడండి. కదిలితే పని అవ్వలేదన్నమాట.
5. రాగి పోగు ఒక్కటి కూడా బయటికి వేలాడకూడదు. మూత బిగించి, బల్బు పెట్టి, ఆ తర్వాతే కరెంటు వేయండి.

బీ22లో ఏ వైరు ఎటు పెట్టినా లైటు వెలుగుతుంది. మర తిప్పే ఈ27 హోల్డరుకి అది కుదరదు. ఫేజు (కరెంటు తెచ్చే) వైరు అడుగున మధ్యలో ఉన్న రేకుకి, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే) వైరు చుట్టూ ఉన్న మరకి రావాలి. తారుమారైతే బల్బు తిప్పేటప్పుడు చేతికి తగిలే మరలోకే కరెంటు వస్తుంది. ఫ్యాన్సీ లైట్లు, గుమ్మం లైట్లు అమర్చిన చోట ఇది ఒక్కసారి చూసుకోవడం మంచిది.

అల్యూమినియం వైరు ఉన్న ఇంట్లో ఒక జాగ్రత్త. దాన్ని రెండుమూడుసార్లు వంచితే విరుగుతుంది. రాగి వైరుతో నేరుగా మెలిపెట్టి టేపు చుడితే రెండు లోహాల మధ్య తుప్పు పట్టి జాయింటు వేడెక్కుతుంది. మెలిక వద్దు, రెండు వైర్లనూ విడివిడి స్క్రూలతో పట్టే కనెక్టరు వాడండి. తీరిక చూసుకుని ఆ లైను మొత్తం 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి మార్పించుకోవాలి.

హోల్డరు బాగుంటే స్విచ్చు చూడాలి. వేసినప్పుడు చిటచిటమంటున్నా, మీట వేడిగా తగులుతున్నా స్విచ్చు మార్చేయడమే. అది కూడా బాగుంటే న్యూట్రల్ తెగి ఉండొచ్చు. గుర్తుపట్టడం సులువు. ఆ గదిలో ఫ్యాను స్విచ్చు వేసి ఉంచి, లైటు స్విచ్చు కూడా వేసి, బల్బు లేని హోల్డర్లో టెస్టరు పెడితే రెండు పిన్నుల్లోనూ వెలుగుతుంది. ఒక పిన్నుకి కరెంటు స్విచ్చులోంచి వచ్చింది. రెండోదానికి తెగిన న్యూట్రల్ మీదుగా, ఫ్యానులోంచి తిరిగి వచ్చింది. ఇది కరెంటు ఉండగా చేసే పరీక్ష. చేయి వణికేవాళ్ళు, అలవాటు లేనివాళ్ళు దీన్ని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

ఆపినా మసకగా వెలిగే బల్బు

రాత్రి స్విచ్చు ఆపాక కూడా ఎల్‌ఈడీ బల్బు మిణుగురులా వెలుగుతుంటే కొందరు భయపడతారు, కొందరు బెడ్‌లైటు ఖర్చు కలిసొచ్చిందనుకుంటారు. మూడు కారణాలున్నాయి. వాటిలో ఒకటి ప్రమాదకరం.

స్విచ్చులో చిన్న ఎర్ర ఇండికేటరు ఉందేమో చూడండి. స్విచ్చు ఆపినప్పుడు వెలిగే ఆ చిన్న దీపానికి కరెంటు పోయే దారి మీ బల్బులోంచే. పాత ఫిలమెంటు బల్బుకి అంత కొద్ది కరెంటు లెక్కలోకి రాదు, ఎల్‌ఈడీకి మాత్రం మసకగా వెలగడానికో, ఆగి ఆగి మినుక్కుమనడానికో సరిపోతుంది. ఇండికేటరు లేని స్విచ్చు పెడితే తగ్గుతుంది. ఇందులో ప్రమాదం లేదు.

రెండోది మెట్ల దగ్గర పైనా కిందా టూవే స్విచ్చులు పెట్టిన లైటు. రెండు స్విచ్చుల మధ్య వైర్లు ఒకే పైపులో పక్కపక్కనే పది పదిహేను మీటర్లు నడుస్తాయి. కరెంటున్న వైరు నుంచి పక్క వైరులోకి, తాకకుండానే, కొద్దిగా వోల్టేజి ఎక్కుతుంది. వేరే కంపెనీ బల్బు పెడితే ఒక్కోసారి అదే పోతుంది. పోకపోతే హోల్డరు రెండు వైర్ల మధ్య 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ, ఎక్స్2 రకం కెపాసిటరు పెట్టించాలి. ఫ్యాను కెపాసిటరు కాదు, మామూలు ఎలక్ట్రానిక్ బోర్డుల మీద ఉండేదీ కాదు. ఎక్స్2 అని దాని మీద రాసి ఉండాలి.

మూడోది అసలు తప్పు. స్విచ్చు ఫేజు వైరు మీద కాకుండా న్యూట్రల్ మీద వేసేశారు. లైటు ఆరుతుంది కానీ హోల్డర్లో 230 వోల్టులు అలాగే ఉంటాయి. "స్విచ్చు ఆపే బల్బు మార్చాను, షాక్ కొట్టింది" అంటే ఎక్కువగా కథ ఇదే. బల్బు తీసి, స్విచ్చు ఆపి, హోల్డరు పిన్నుల్లో టెస్టరు పెట్టండి. ఒక పిన్నులో పూర్తి కాంతితో వెలిగితే ఇదే తప్పు. టూవే లైన్లలో ఇందాక చెప్పిన దొంగ వోల్టేజికి కూడా టెస్టరు లీలగా వెలుగుతుంది, కాబట్టి కాంతిని గమనించండి. ఒక్క గదిలో ఇలా ఉంటే బోర్డులో వైర్లు మార్చుకుంటే సరిపోతుంది. ఇల్లంతా ఇలాగే ఉంటే మీటరు దగ్గరే ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయేమో చూపించండి. ఈ పని వాయిదా వేసేది కాదు.

ఒక గదిలో లైట్లు మండిపోతూ, ఇంకో గదిలో డల్లయితే

వెంటనే మెయిన్ ఆపండి. మిగతావన్నీ తర్వాత. మూడు ఫేజుల సర్వీసులో న్యూట్రల్ వదులైతే, తక్కువ లోడున్న ఫేజు మీదికి వోల్టేజి ఎగబాకుతుంది. 230 ఉండాల్సింది 300 దాటిపోవచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చేవి) నిమిషాల్లో కాలిపోయేది ఇలాగే. గాలివాన తర్వాత, వేసవి రాత్రి వీధిలో ఏసీలన్నీ ఒకేసారి తిరిగేటప్పుడు స్తంభం దగ్గర వదులుగా ఉన్న జాయింటు పట్టు వదిలేస్తుంది.

మెయిన్ ఆపి, పక్కింట్లో కూడా ఇలాగే ఉందా కనుక్కోండి. ఉంటే తప్పు లైనులోనిది, 1912కి ఫోను చేసి "న్యూట్రల్ పోయింది, వోల్టేజి పెరిగింది" అని ఆ మాటలే చెప్పండి. ఉత్తినే "లైట్లు సరిగా రావట్లేదు" అంటే సాధారణ ఫిర్యాదుల వరసలో పడుతుంది. మీ ఒక్క ఇంట్లోనే అయితే మీటరు తర్వాత మెయిన్ స్విచ్చులోనో పంపిణీ బోర్డులోనో న్యూట్రల్ కడ్డీ స్క్రూ వదులైందన్నమాట. అది సరిచేయించి మెయిన్ వేశాక, మల్టీమీటరు ఉంటే ప్లగ్గులో చూడండి. 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉంటే సరైన సరఫరా.

పాత ట్యూబు పట్టీకి ఎల్‌ఈడీ

నాలుగడుగుల పాత ట్యూబు 40 వాట్లు, దాని రాగి చోకు ఇంకో పది పన్నెండు వాట్లు తింటుంది. దాని స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ రోజుకి అయిదు గంటలు వెలిగితే నెలకి అయిదు యూనిట్ల దాకా మిగులుతాయి.

రెండు దారులున్నాయి. పాత పట్టీ ఉంచి అందులో ఎల్‌ఈడీ ట్యూబు పెట్టడం ఒకటి, పట్టీ తీసేసి కొత్త ఎల్‌ఈడీ బ్యాటన్ (లైటూ పట్టీ ఒకటిగా వచ్చేది) బిగించడం రెండోది. రెండోదే మేలు. ధరలో పెద్ద తేడా ఉండదు, పైగా పాత పట్టీలో తుప్పు పట్టిన క్లిప్పులు మళ్ళీ తలనొప్పి. అయినా పాతదే వాడాలంటే స్టార్టరు తీసేసి, చోకు వైర్లు రెండూ విప్పి, కరెంటు నేరుగా ట్యూబు క్లిప్పులకి ఇవ్వాలి. కొన్ని ట్యూబులకి ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే కొసకి ఇవ్వాలి, కొన్నిటికి చెరో కొసకి. ట్యూబు మీద బొమ్మ గీసి ఉంటుంది. అది చూడకుండా వేస్తే, ఒకే కొసన రెండు పిన్నులూ లోపల కలిసిపోయి ఉన్న ట్యూబయితే షార్టు అవుతుంది.

కొత్త బ్యాటన్ బిగించడానికి ఆరు ఎంఎం బిట్టుతో రంధ్రం, దానికి సరిపడా గ్రిప్పు, అంగుళంపావు స్క్రూలు చాలు. అయితే డ్రిల్లు ఎక్కడ పెడుతున్నారో చూడండి. గోడలోని పైపులు మామూలుగా స్విచ్చు బోర్డు నుంచి నిటారుగా పైకి, లైటు పాయింటు నుంచి నిటారుగానో అడ్డంగానో పోతాయి. ఆ గీతల మీద, వాటికి అటూ ఇటూ జానెడు మేర రంధ్రాలు వేయొద్దు.

పది పన్నెండు అడుగుల గదికి రెండు వేల ల్యూమెన్ల (వెలుగు కొలత) పట్టీ ఒకటి సరిపోతుంది. వాటుకి వంద ల్యూమెన్ల చొప్పున లెక్కేసుకుంటే 20 వాట్లు. పిల్లలు చదివే బల్లకీ, వంటింటి గట్టుకీ విడిగా ఇంకో లైటు ఉండాలి, లేకపోతే మన నీడ మన పని మీదే పడుతుంది. రంగు సంగతికొస్తే 6500 కెల్విన్ తెల్లటి వెలుగు, 3000 పసుపు, 4000 మధ్యరకం. వంటింట్లో, హాల్లో 4000 పెట్టి చూడండి. కూరగాయల రంగు సరిగ్గా కనిపిస్తుంది, కంటికి గుచ్చుకోదు.

ఎల్‌ఈడీకి ఫ్యాను రెగ్యులేటరు తగిలించి వెలుగు తగ్గిద్దామనుకోవద్దు. డిమ్మబుల్ అని రాసి లేని బల్బు అలా చేస్తే మినుకుతుంది, తొందరగా పోతుంది.

ఫాల్స్ సీలింగు లైట్లు

ఇవి ఆరిపోతే లైటు కంటే దాని డ్రైవరు పోయే అవకాశమే ఎక్కువ. డ్రైవరు అంటే సీలింగు వెనక వేలాడే చిన్న తెల్ల డబ్బా. అందులోని కెపాసిటరుకి వేడి పడదు. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. రోహిణి కార్తెలో పై అంతస్తు స్లాబు కింద, గాలాడని జిప్సం వెనక ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. డ్రైవరుని లైటు వెనక ఆనించి కాకుండా, ఒక అడుగు దూరం జరిపి పెట్టాలి.

కరెంటు ఆపి, లైటు అంచు రెండువైపులా పట్టుకుని కిందికి లాగండి. రెండు స్ప్రింగు క్లిప్పులు ఎలకబోను మాదిరి వెనక్కి కొడతాయి, వేళ్ళు జాగ్రత్త. డ్రైవరు మీద రాసింది చదవండి. మిల్లీ ఆంపియర్లు పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి, అవుట్‌పుట్ వోల్టుల పరిధి పాతదాన్ని కలుపుకుని ఉండాలి. పాతది 300 మిల్లీ ఆంపియర్లయితే 450ది పెడితే లైటు ధగధగా వెలిగి కొన్ని వారాల్లో మాడిపోతుంది. కరెంటు వేసి ఉంచి డ్రైవరు పిన్ను లైటుకి గుచ్చొద్దు. లోడు లేక పైకెక్కిన వోల్టేజి ఒక్కసారిగా ఎల్‌ఈడీ మీద పడుతుంది.

వాన, బల్లులు, చీమలు

గుమ్మం లైటు, ప్రహరీ లైటు ఐపీ65 (దుమ్మునీ వాననీ తట్టుకునే రకం) అని రాసి ఉన్నవి కొనండి. వైరు పైనుంచి నేరుగా లైటులోకి దిగకూడదు. కిందికి ఒక ఉచ్చులా వేలాడి, మళ్ళీ పైకెక్కి లోపలికి వెళ్ళాలి. అప్పుడు వైరు మీద జారే వాననీళ్ళు ఉచ్చు అడుగునే రాలిపోతాయి. డోము కింద చిన్న రంధ్రం ఉంటే సిలికాన్‌తో మూసేయొద్దు, చేరిన చెమ్మ దిగిపోయే దారి అదే. వానాకాలంలో లైటు చుట్టూ చేరే ఉసిళ్ళ కోసం బల్లి వస్తుంది, బల్లి కోసం కాకపోయినా వెచ్చదనం కోసం చీమలు బోర్డులోకి దూరతాయి. బల్లి రెండు టెర్మినల్స్ మధ్య పడితే షార్టు. వైర్లు వచ్చే పైపు మూతిని, బోర్డులో ఖాళీగా ఉన్న స్విచ్చు గూళ్ళని మూసివేయండి. బోర్డులో దోమల మందు కొట్టొద్దు.

వాన పడ్డప్పుడల్లా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చు) పడిపోతోందంటే ఎక్కడో బయటి లైటులో తడి చేరింది. అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ ఎక్కించి, ఎంసీబీలు ఒక్కొక్కటే ఎక్కించండి. ఏది ఎక్కించగానే పడిపోయిందో ఆ లైనులో వెతకాలి. ఏదీ దొరక్కపోతే ఇన్వర్టరు న్యూట్రల్ని ఇంటి న్యూట్రల్‌తో కలిపేశారేమో చూపించండి. "ఊరికే పడిపోతోంది" అని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపించుకున్న ఇళ్ళు కనిపిస్తుంటాయి. ఆ 30 మిల్లీ ఆంపియర్ల డబ్బానే మనిషిని షాకు నుంచి కాపాడేది, ఎంసీబీ కాదు. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కితే పడిపోవాలి.

ఇంట్లోకి నీళ్ళొచ్చి తగ్గాక

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్ళు రోజుల తరబడి మునిగినప్పుడు స్విచ్చు బోర్డులు కూడా నీళ్ళలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో నీళ్ళు దిగిపోగానే మెయిన్ వేయొద్దు. మీటరు, సర్వీసు వైరు తడిస్తే ముట్టుకోకుండా లైన్‌మన్‌కి చెప్పండి. నీళ్ళలో మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఆరబెట్టినా పనికిరావు, లోపల చేరిన బురద దాని పని చెయ్యనివ్వదు. మునిగిన స్విచ్చులు, ప్లగ్గులు కూడా మార్చడమే క్షేమం. బోర్డు పలకలు విప్పి, బాక్సుల్లో బురద తీసి, గాలి తగిలేలా వదిలేయండి. పైపుల్లోని వైర్లు చాలావరకు మళ్ళీ పనికొస్తాయి, కానీ కంటితో చూసి చెప్పలేం. 500 వోల్టుల మెగ్గరుతో (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) ఫేజుకీ ఎర్తుకీ, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య చూపించాలి. కనీసం ఒక మెగ్ఓమ్ వస్తేనే ఆ లైనుకి కరెంటు ఇవ్వాలి. రాకపోతే ఇంకా ఆరనిచ్చి మళ్ళీ చూడటం, అప్పటికీ రాకపోతే వైరు లాగి మార్చడం.

మీరు చేయగలిగేది ఎంతవరకు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం, సామర్థ్యం మారకుండా బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, లైటు ఫిట్టింగు లాంటివి ఉన్నదాని స్థానంలో ఇంకోటి పెట్టుకోవడం ఎవరైనా చేసుకోవచ్చు. కొత్త పాయింటు లాగడం, లైను మార్చడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు పని. పిలిచినప్పుడు లైట్ల లైనుకి 6 ఆంపియర్ల ఎంసీబీ, 1.5 స్క్వేర్ ఎంఎం వైరు అడగండి. ఎంసీబీ పదేపదే పడిపోతోందని 16 ఆంపియర్లది పెట్టేస్తానంటే ఒప్పుకోవద్దు. ఎంసీబీ పడిపోవడం మానేస్తుంది, వేడెక్కడం వైరు మొదలుపెడుతుంది. పింగాణీ ఫ్యూజులో రాగి పోగులు నాలుగు కలిపి చుట్టడం కూడా అదే పని.